పాతబస్తీ నడక: 40 మందిని అఫ్జల్‌గంజ్ నుంచి చౌమహల్లా దాకా ఎలా తీసుకెళ్లాలి?

ఖమ్మంకోట
నమస్కారం. డిసెంబరులో ఒక ఆదివారం మా ఊరి గ్రంథాలయ సంఘం తరఫున 40 మందిమి హైదరాబాదు వస్తున్నాం. అందులో 60 దాటినవాళ్లు 12 మంది, పదిహేనేళ్ల లోపు పిల్లలు ఆరుగురు. బస్సులో కూర్చుని కిటికీలోంచి చూసే పర్యటన వద్దని తీర్మానించుకున్నాం. పాతబస్తీని కాలినడకన, తెలిసినవాళ్ల వెంట చూడాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతసేపు పడుతుంది, గైడును ఎలా ఎంచుకోవాలి? మా మొదటి జాబితాలో చార్మినార్, మక్కా మసీదు, లాడ్ బజార్, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్, పురానీ హవేలీ మ్యూజియంలు, గోల్కొండ ఉన్నాయి.

మూసీఒడ్డు
ముందుగా జాబితాలోంచి గోల్కొండ, సాలార్‌జంగ్, పురానీ హవేలీ తీసేయండి. గోల్కొండకు ఒక పూట పూర్తిగా కావాలి, సాలార్‌జంగ్‌కు ఇంకో పూట. అన్నీ ఒకే రోజు పెట్టుకుంటే ప్రతిచోటా "పదండి పదండి" అనడమే మిగులుతుంది.

చాలామంది చార్మినార్ దగ్గర దిగి అక్కడే మొదలుపెడతారు. నా మటుకు మూసీకి ఉత్తరపు గట్టు మీద, అఫ్జల్‌గంజ్‌లో మొదలుపెట్టి వంతెన దాటి దక్షిణంగా రావాలి. నగరం ఎందుకు అలా ఉందో ఆ దారిలోనే అర్థమవుతుంది. పైగా తలుపులు తెరిచే వేళలకు ఈ దిశే సరిపోతుంది. చార్మినార్ పైకి ఉదయం 9:30 దాకా వదలరు, చౌమహల్లా 10కి తెరుస్తారు, లాడ్ బజార్ దుకాణాల షట్టర్లు 11 దగ్గరపడితే గానీ లేవవు. ఉదయం 7కి చార్మినార్ దగ్గర మొదలుపెట్టినవాళ్లు 9కల్లా అంతా బయటి నుంచే చూసేసి, లోపలికి వెళ్లే వేళకు అలసిపోతారు.

వేళలు ఇలా వేసుకోండి:

7:15 – అఫ్జల్‌గంజ్, స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ముందు అందరూ చేరాలి. 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైన సంస్థ ఇది. మీరు గ్రంథాలయ సంఘం కాబట్టి ఇంతకంటే తగిన చోటు లేదు.

7:30 – ఉస్మానియా ఆసుపత్రి వైపు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఆ ఆవరణలోనే ఉంది. అది నడుస్తున్న ఆసుపత్రి కనుక 20 మందికి మించి ఒకేసారి లోపలికి వెళ్లొద్దు. రోగుల ఫొటోలు తీయొద్దు. చెట్టు దగ్గర ఐదు నిమిషాలు చాలు.

7:50 – నయాపూల్. వంతెన మధ్యలో పడమటి కాలిబాట మీద ఆగి హైకోర్టు వైపు చూడాలి. 1920లో ప్రారంభమైన భవనం. దీనికీ, నది ఇవతల ఉన్న ఉస్మానియా ఆసుపత్రికీ పనిచేసిన వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్. వరద తర్వాత ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టి నదికి కళ్లెం వేశారు, గట్ల మీద ఈ పెద్ద భవనాలు లేచాయి. ఆ వరుసక్రమం ఇక్కడ నిలబడి చెబితే వేలు పెట్టి చూపించవచ్చు.

8:10 – మదీనా చౌరస్తా దాటి పత్తర్‌గట్టి. 8:25 – బాద్‌షాహీ ఆశూర్‌ఖానా. 8:55 – మచ్లీ కమాను, గుల్జార్ హౌజ్. 9:10 – చాయ్. 9:30 – చార్మినార్. 10:15 – మక్కా మసీదు. 10:45 – లాడ్ బజార్, మహబూబ్ చౌక్ గడియారం. 11:20 – చౌమహల్లా.

మలుపులన్నీ కలిపి మూడు కిలోమీటర్ల చిల్లర. దూరం తక్కువే. నాలుగు గంటలు నిలబడటమే కష్టం. పెద్దవాళ్ల మోకాళ్లు నడకకు కాదు, నిలబడటానికి నొప్పి పెడతాయి. అందుకే నిలబడి వినే ఏ ఆగుడూ 7 నిమిషాలు దాటకుండా చూడండి, కూర్చునే చోట్లు ముందే గుర్తుపెట్టుకోండి. ఈ దారిలో నిశ్చింతగా కూర్చోగలిగేవి ఆశూర్‌ఖానా ఆవరణ, చాయ్ హోటలు, మక్కా మసీదు ఆవరణ, చౌమహల్లా తోట.

గుల్జార్‌గల్లీ
దారి బాగుంది. 40 మంది ఒకే గుంపుగా మాత్రం వద్దండీ. పత్తర్‌గట్టి కాలిబాట మీద 40 మంది ఆగితే ముందున్న పదిహేను మందికే మాట వినపడుతుంది. వెనకున్నవాళ్లు విసుగొచ్చి దుకాణాల వైపు చూస్తారు. దుకాణదారుకు బోణీ వేళ, వాకిలి మూసుకుపోతుంది. ఆయన కోపగించుకోవడంలో తప్పేమీ లేదు.

రెండు గుంపులు చేయండి, ఒక్కోదాంట్లో 20. ఒక్కో గుంపుకు ముందు గైడు, చివర మీ మనిషి ఒకరు. చివరి మనిషి పని ఒక్కటే: తన వెనక ఎవరూ మిగలకుండా చూడటం. ఫొటోల కోసం ఆగేవాళ్లు ప్రతి గుంపులో ఇద్దరుంటారు, వాళ్ల వల్లే గుంపు తెగుతుంది. రెండు గుంపుల మధ్య 15 నిమిషాల ఎడం ఉంచండి. అంతకంటే తగ్గితే చార్మినార్ మెట్ల దగ్గర రెండూ కలిసిపోతాయి.

గొంతు సంగతి. చేతి మైకు, నడుముకు కట్టుకునే స్పీకరు ఆశూర్‌ఖానాలోనూ మసీదులోనూ అసలే పనికిరావు. బజార్లో హారన్ల ముందు అవీ చాలవు. గైడు మెడలో ట్రాన్స్‌మిటరు, మీ చెవుల్లో రిసీవర్లు ఉండే సెట్లు అద్దెకు దొరుకుతాయి. తీసుకుంటే మూడు సంగతులు చూసుకోండి: రెండు గుంపులకూ వేర్వేరు చానళ్లు పెట్టారా, రాత్రంతా చార్జింగు పెట్టారా, ఇయర్‌ఫోన్లు కొత్తవా. కమాను మలుపు తిరిగినా, మధ్యలో బస్సు అడ్డొచ్చినా సిగ్నలు తెగుతుంది. కాబట్టి నడుస్తూ ముఖ్యమైన మాట చెప్పొద్దని గైడుకు ముందే చెప్పండి. ఆగాకే చెప్పాలి.

ఖమ్మంకోట
చాలా ఉపయోగం, ధన్యవాదాలు. ఒక అనుమానం: ఇన్ని చూసి చౌమహల్లాకు 11:20కి చేరితే లోపల ఎంతసేపు? ఆశూర్‌ఖానా పేరు మా వాళ్లెవరూ వినలేదు, అది తీసేసి ఆ సమయం లాడ్ బజార్‌కు ఇవ్వొచ్చా?

సున్నంగచ్చు
దయచేసి ఆశూర్‌ఖానా తీయకండి. ఈ నడకలో ఇంకేది పోయినా ఫరవాలేదు. చార్మినార్‌ను మీ వాళ్లు వంద ఫొటోల్లో చూసి ఉంటారు, దీన్ని చూసి ఉండరు.

మొహర్రం రోజుల్లో పీర్లు, అంటే ఆలంలు నిలిపే చోటు. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షానే దీన్నీ కట్టించాడు. లోపలి గోడల మీది రంగుల పింగాణీ పలకలు 1611 నాటివి. పసుపు, ఆకుపచ్చ, నీలం, తేనె రంగు ముక్కలు కోసి ఆలం ఆకారంలో పేర్చారు. 1908 వరద నీళ్లు ఇక్కడి దాకా వచ్చాయి. కింది భాగంలో పలకలు పోయిన చోట తర్వాత రంగులతో అదే నమూనా గీశారు. గోడకు ఐదారు అడుగుల దూరంలో, కిటికీ వెలుగు పక్క నుంచి పడేలా నిలబడండి. పైనున్న అసలు పలక తడిగా ఉన్నట్టు మెరుస్తుంది, ముక్కకూ ముక్కకూ మధ్య సన్నని అతుకు కనిపిస్తుంది. కింద గీసిన భాగం మెరవదు, అతుకూ ఉండదు. ఎదుట నిలబడి కళ్లు పైనుంచి కిందికి దించితే వరద ఎంత ఎత్తు దాకా వచ్చిందో గోడే చూపిస్తుంది. పొద్దున చింతచెట్టు దగ్గర విన్న మాటకు ఇక్కడ రుజువు దొరుకుతుంది. ఇలాంటి రెండు చోట్లను కలిపి చూపించేవాడే గైడు. విడివిడిగా తేదీలు చదివేవాడికి డబ్బివ్వడం దండగ.

చెప్పులు బయట విడవాలి. గోడలను ముట్టుకోకూడదు, చేతి చెమట కూడా పలకలకు చేటే. ఫ్లాష్ వద్దు. మొహర్రం నెలలో ఇది పర్యాటక స్థలం కాదు, శోకస్థలం. ఆ రోజుల్లో వెళ్తే చివర నిశ్శబ్దంగా నిలబడి, ఫొటోలు లేకుండా వచ్చేయాలి.

పత్తర్‌గట్టిని కూడా నడుస్తూ దాటేయకండి. వరద తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చేపట్టిన పనుల్లో ఇదొకటి. రోడ్డుకు రెండు పక్కలా రాతి కమానుల వరుస, కింద దుకాణాలు, పైన గదులు. ఉదయం తూర్పు వైపు కమానుల కింద నీడ ఉంటుంది. అక్కడ నిలబడి పడమటి వరుసను చూడాలి. బోర్డులు, ఫ్లెక్సీలు రాతిని చాలాచోట్ల కప్పేశాయి. తల ఎత్తి మొదటి అంతస్తు కిటికీల దగ్గర చూస్తే అసలు పనితనం తెలుస్తుంది.

గుల్జార్‌గల్లీ
సున్నంగచ్చు గారి మాటకు నేనూ ఓటేస్తా. సమయం చాలకపోతే చౌమహల్లాను నడకలోంచి విడదీయండి. ద్వారం దగ్గర గైడు సెలవు తీసుకుంటాడు, లోపల ఎవరి వీలునుబట్టి వాళ్లు గంటన్నర తిరగొచ్చు. లోపల ఫలకాలున్నాయి, కూర్చునే చోట్లున్నాయి, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ కాలంలో మొదలై 1869 లోపు అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయిన కట్టడం. ఖిల్వత్ దర్బారు హాల్లో 19 షాండిలియర్లను చూడటానికి వివరణ అక్కర్లేదు.

మరుగుదొడ్ల మాట వచ్చింది కాబట్టి: మీ బస్సు ఎంజీబీఎస్ (పెద్ద బస్టాండు) దగ్గర దింపితే అక్కడే అందరూ వెళ్లి రావాలి. ఆ తర్వాత నిజంగా నమ్మకంగా దొరికేది చౌమహల్లాలోనే. మధ్యలో నాలుగు గంటలకు పైనే. చక్కెర జబ్బు మాత్రలు వాడేవాళ్లకు ఈ సంగతి ముందురోజే చెప్పండి. చాయ్ దగ్గర ఉన్న హోటల్లో ఒకసారి అడిగి పెట్టుకోండి.

బందరుబాట
ఇక కథల సంగతి. గైడును ఎంచుకునేటప్పుడు ఫోనులో ఒకే ప్రశ్న అడగండి: "చార్మినార్ ఎందుకు కట్టారు?" అని. "ప్లేగు పోయినందుకు, అంతే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఇంకొకరిని చూసుకోండి. మంచి గైడు మూడు వేర్వేరు మాటలు చెప్పి, ఏది ఎంత గట్టిదో కూడా చెబుతాడు.

గట్టి మాట: కొత్త రాజధానికి నడిబొడ్డుగా, గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే దారి కూడలిలో 1591లో కట్టారు. నగర రూపకల్పన పేష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ అస్త్రాబాదీది. దాన్నుంచి నాలుగు దిక్కులా నాలుగు రోడ్లు. అప్పటి దక్కన్ వజ్రాలు, బట్టలు మన బందరు రేవుకే చేరేవి కాబట్టి కోస్తా నుంచి వచ్చేవాళ్లకు ఈ కూడలి పరాయిది కాదు.

రెండో మాట: హిజ్రీ వెయ్యో సంవత్సరం. అది 1591–92లో వచ్చింది. "యా హాఫిజ్" అన్న పిలుపులోని అక్షరాలకు అబ్జద్ లెక్క (ఒక్కో అరబీ అక్షరానికి ఒక్కో విలువ) వేస్తే ఆ సంవత్సరమే వస్తుంది. పిల్లలు ఆరుగురున్నారు కదా, వాళ్లకు కాగితం ఇచ్చి కూడించండి: యే 10, అలిఫ్ 1, హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. మొత్తం 1000. గుల్జార్ హౌజ్ గట్టున రెండు నిమిషాల పని. పెద్ద ప్రసంగం కంటే ఇదే వాళ్లకు గుర్తుంటుంది.

మూడో మాట: ప్లేగు, భాగమతి, గోల్కొండకు సొరంగం. ఇవి జనం నోట తరతరాలుగా వస్తున్నవి. చెప్పకూడదని కాదు, చెప్పాలి. "అంటారు" అని చెప్పాలి. భాగమతి మీద చరిత్రకారుల్లోనే వాదం ఉంది. సొరంగానికి ఇంతవరకు ఎవరూ ఆధారం చూపలేదు. గైడు సొరంగం ద్వారం ఇదేనని ఏ గదో చూపిస్తే అతని మిగతా మాటలనూ అదే త్రాసులో తూచండి.

గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడితే నాలుగు కమానులు నాలుగు దిక్కులా ఒక్కసారే కనిపిస్తాయి: దక్షిణాన చార్మినార్ కమాను, ఉత్తరాన మచ్లీ కమాను, తూర్పున కాలీ కమాను, పడమర సెహెర్-ఎ-బాతిల్ కమాను. ఆ పడమటి కమాను లోపలికి కుతుబ్‌షాహీల రాజప్రాసాదానికి దారి. ప్రాసాదం ఇప్పుడు లేదు, వాకిలి మిగిలింది. ఇక్కడ చేసే పొరపాటు గుంపును హౌజు చుట్టూ రోడ్డు మీద నిలబెట్టడం. బైకులు నాలుగు వైపుల నుంచీ తిరుగుతాయి. ఒక వైపు అరుగు మీదే అందరూ నిలబడి, దిక్కు ఒక్కోటి తిరిగి చూడాలి.

ఖమ్మంకోట
ఈ అక్షరాల లెక్క మా పిల్లలకు తప్పకుండా ఇస్తాం. చార్మినార్ పైకి పెద్దవాళ్లు ఎక్కగలరా?

సున్నంగచ్చు
మినార్ లోపల మెట్లు 149 అని లెక్క. మీరు ఎక్కేది మొదటి అంతస్తు దాకానే, ఆపైన సందర్శకులను పోనివ్వరు. ఆ కొన్ని మెట్లే కష్టం. చుట్టు తిరిగే మెట్లు, ఎత్తు ఎక్కువ, అరిగిపోయి నున్నగా ఉంటాయి, వెలుతురు తక్కువ, ఒకరి వెనక ఒకరే. మధ్యలో ఆగడానికి చోటు లేదు. మోకాళ్ల ఆపరేషను అయినవాళ్లు, తల తిరిగేవాళ్లు, ఇరుకు గదుల్లో ఊపిరాడని వాళ్లు ఎక్కకపోవడమే మంచిది. వాళ్లను కిందే కూర్చోబెట్టి వదిలేయకుండా ఇంకొక పని పెట్టండి: చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి గచ్చు పని చూడమనండి. గ్రానైటు రాయి మీద డంగు సున్నంతో పూలు, తీగలు, మినార్ల చుట్టూ వరుసగా చిన్న కమానులు, ఏ పువ్వూ అచ్చంగా పక్కదానిలా ఉండదు. నాలుగు వైపులా గడియారాలు 1889లో పెట్టినవి, అంటే కట్టడానికి మూడు వందల ఏళ్ల తర్వాత. 2019 మేలో ఒక మినార్ నుంచి గచ్చు పెళ్ల ఊడి పడింది కాబట్టి కంచె దాటి గోడకు ఆనుకుని నిలబడొద్దు.

ఫొటో తీసుకునేవాళ్లకు: ఉదయం తూర్పు వైపు నుంచి, అంటే సర్దార్ మహల్ రోడ్డు నుంచి తీయాలి, ఎండ కట్టడం మీద పడుతుంది. లాడ్ బజార్ వైపు నుంచి ఉదయం తీస్తే ఎదురెండ, కట్టడం నల్లగా వస్తుంది. సాయంత్రం దీనికి తలకిందులు.

మూసీఒడ్డు
చార్మినార్ టికెట్లు పురావస్తు శాఖవి. ఆన్‌లైన్లో ముందురోజే తీసుకుంటే కిటికీ దగ్గర ఎదురుచూపు తప్పుతుంది, ధర కూడా కాస్త తక్కువ. పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు. వయసు తెలిపే గుర్తింపు కార్డు ఫొటో ఫోనులో పెట్టుకోండి. 20 మంది గుంపుకు ఎక్కి, చూసి, దిగడానికి 40 నిమిషాలు వేసుకోండి. ఆదివారం 11 దాటితే అదే గంటకు పైగా అవుతుంది. 9:30కే అక్కడుండాలని చెప్పింది ఇందుకే.

డాలస్‌తెలుగు
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. సెలవులకు వస్తున్నాం, మా పిల్లలకు అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే) కార్డు. చార్మినార్ దగ్గర విదేశీ టికెట్టు తీసుకోవాలా?

మూసీఒడ్డు
అక్కర్లేదండీ. 2021 మార్చిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషను ప్రకారం జాతీయ కట్టడాలు, మ్యూజియంల ప్రవేశ రుసుములో ఓసీఐ కార్డున్నవాళ్లకూ భారతీయులతో సమానమే. అసలు కార్డు చేతిలో ఉండాలి. ఫోనులో ఫొటో చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు. ఆన్‌లైన్లో తీసుకునేటప్పుడు కూడా సరైన వర్గం ఎంచుకోండి. చౌమహల్లా పురావస్తు శాఖది కాదు, దాని టికెట్టు వేరు.

లాడ్‌చూడీ
లాడ్ బజార్‌కు అరగంట వేశారు, ఆడవాళ్లు ఒప్పుకోరు అక్కా. (అన్నలైతే క్షమించాలె.) కొనుడు, చూసుడు వేరు చేయుండ్రి. నడకల చూసుడే, కొనేటోళ్లు చౌమహల్లా అయినంక వెనక్కి వస్తరు. నడుమ ఐదు నిమిషాల దారే.

చూసుడు అంటే దుకాణం కాదు, పని. వెనక గల్లీలల్ల లక్క గాజులు చేసేటోళ్లు కూసుంటరు. లక్కను బొగ్గుల కుంపటి మీద మెత్తగ జేస్తరు, రంగు కలిపి బండ మీద పొడుగ్గ తీగ లెక్క దొర్లిస్తరు, కొలతకు కోసి, రెండు కొసలు వేడి మీద కలిపి గుండ్రంగ జేస్తరు. అది ఆరక ముందే రాళ్లు ఒక్కొక్కటి అద్దాలె. ఆరితే రాయి పట్టదు, మళ్ల వేడి జేయాలె. అందుకే పనిల ఉన్నోళ్లను మాట్లాడిస్తే గాజు చెడుతది. ముందు అడగాలె, ముగ్గురు నలుగురి కంటె ఎక్కువ లోపలికి పోవద్దు, ఫొటోకు మొహం వద్దంటే చేతులే తీయాలె. నడకోళ్లు ఆ కారిగర్ల టైం తీసుకుంటున్నరు కాబట్టి గైడు వాళ్లకు డబ్బులిచ్చే ఏర్పాటు ఉండాలె. లేకుంటె మీరే ఒక జత నేరుగ కొనుండ్రి.

2024ల హైదరాబాద్ లక్క గాజులకు జీఐ (ఈ ఊరి సరుకే అని సర్కారు ఇచ్చే) గుర్తింపు వచ్చింది. అసలు లక్క గాజు చేతికి బరువుగ, కొంచెం వెచ్చగ తగులుతది, ప్లాస్టిక్‌ది తేలికగ ఉండి గల్లుమంటది. రాళ్లు లక్కలోకి దిగి ఉన్నయా, పైన గమ్ముతోని అంటించిన్రా చూడుండ్రి. గమ్ముదైతే రాయి చుట్టూ సన్నగ పొర మెరుస్తది. ఎండాకాలం కారు డాష్‌బోర్డు మీద పెట్టొద్దు, మెత్తబడి వంకర పోతయ్.

గుల్జార్‌గల్లీ
అక్క చెప్పింది చాలా ముఖ్యం. దీనికి రెండో వైపు కూడా ఉంది: కమీషన్లు. కొందరు గైడులు ముత్యాల దుకాణంలో అరగంట కూర్చోబెడతారు. మాట్లాడుకునేటప్పుడే వాట్సాప్‌లో రాతగా పెట్టుకోండి: ఆగే చోట్ల పేర్లు, ఒక్కోచోట ఎన్ని నిమిషాలు, దుకాణం సందర్శన లేదని, రుసుములో ఏవేవి కలిసి ఉన్నాయి (టికెట్లు, చాయ్, రిసీవర్లు), వాన పడితే ఏం చేస్తారు, అనుకున్న గైడు రాకపోతే ఎవరొస్తారు. రుసుము తలకు కాకుండా గుంపుకు మాట్లాడుకోండి. తలకైతే 20 మంది దగ్గర 35 మందిని కలిపేస్తారు. పర్యాటక శాఖ గుర్తింపు కార్డు ఉందా అని అడగండి. కార్డు ఒక్కటే చాలదు, పాతబస్తీలో గల్లీ మనుషులు ఆయన్ను పేరు పెట్టి పలకరిస్తున్నారా అన్నది ఇంకా పెద్ద గుర్తింపు.

మీ వాళ్లకు తెలుగులో చెప్పే గైడు కావాలంటే ముందే గట్టిగా అడగాలి. చాలా నడకలు ఇంగ్లీషులోనో ఉర్దూలోనో సాగుతాయి.

నాంపల్లిరైలు
మక్కా మసీదు గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు. 1617 ప్రాంతంలో మహమ్మద్ కుతుబ్‌షా కాలంలో మొదలై, కుతుబ్‌షాహీ రాజ్యం పోయాక 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. అంటే ఒక వంశం పునాది వేస్తే దాన్ని ఓడించినవాడు ముగించాడు. ఆవరణలో ఒక పక్క అసఫ్‌జాహీల సమాధులున్నాయి. రెండో నిజాం నుంచి ఆరో నిజాం దాకా అక్కడే. మొదటి నిజాం ఖుల్దాబాద్‌లో, ఏడో నిజాం కింగ్ కోఠీ జుదీ మసీదులో ఉన్నారు. ఏడుగురూ ఇక్కడే అని చెప్పే గైడులున్నారు, గమనించండి.

మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేసుకోవాలి, ఆడవాళ్లు తలమీదికి చున్నీ ఉంచుకోవాలి. నమాజు హాల్లోకి ఎవరు ఎక్కడిదాకా వెళ్లొచ్చో అక్కడి సిబ్బంది చెప్పినట్టు వినాలి. శుక్రవారం 12 నుంచి 2:30 దాకా ఆ చుట్టుపక్కలకే రావొద్దు, రోడ్డు మీద కూడా నమాజు వరుసలుంటాయి. చెప్పులు తేలిగ్గా విప్పేవి వేసుకోండి. డిసెంబరు కాబట్టి రాయి కాలదు. ఏప్రిల్, మే అయితే సాక్సులు తప్పనిసరి.

సుల్తాన్‌బజారు
మీరు గ్రంథాలయ సంఘం అన్నారు కాబట్టి ఒక మాట. సాయంత్రం ఓపికున్నవాళ్లకు ఇంకో చిన్న నడక ఉంది, కిలోమీటరున్నర. కోఠీ నుంచి మొజంజాహీ మార్కెట్ దాకా.

కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ, 1800ల మొదట్లో అప్పటి బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌ప్యాట్రిక్ కట్టించింది. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణ, లోపలికి ముందే అనుమతి తీసుకోవాలి. దగ్గరే తుర్రేబాజ్ ఖాన్ స్మారకం. 1857 జులై 17న రెసిడెన్సీ మీద దాడికి దిగిన ఇద్దరు నాయకుల్లో ఒకడు, రెండోవాడు మౌల్వీ అలావుద్దీన్. అక్కడి నుంచి సుల్తాన్‌బజార్ లోపలికి వెళ్తే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. 1901 సెప్టెంబరు 1న స్థాపించారు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకటరంగారావు కలిసి, తెలుగుకు పాలనలో చోటు లేని రోజుల్లో నిలబెట్టిన సంస్థ. తెలంగాణలో గ్రంథాలయోద్యమం ఇక్కడ మొదలైంది. పెద్ద కట్టడం కాదు, అలంకారం లేదు. మామూలు పర్యాటకుల జాబితాలో ఉండదు. మీకు మాత్రం చార్మినార్ ఎంతో ఇదీ అంతే. తెరిచి ఉండే వేళ ఫోను చేసి కనుక్కోండి, ఆదివారం కాబట్టి మరీ.

చివర 1935 నాటి మొజంజాహీ మార్కెట్, రాతి కట్టడం, 2020లో బాగుచేశారు. కూర్చుని ఐస్‌క్రీం తినడానికి చోటుంది, అక్కడికే బస్సు కూడా రాగలదు.

శాలిబండ
దక్షిణం వైపు దారినీ గుర్తుంచుకోండి, మరోసారి వచ్చినప్పుడు. చార్మినార్ నుంచి శాలిబండ దాకా, అక్కడి నుంచి హరిబౌలీ. శాలిబండలో రాజా రాయ్‌రాయన్ దేవిడీ (పెద్ద భవంతి) గడియార స్తంభం ఉంది, 1904 నాటిది. నాలుగు ముఖాల మీద అంకెలు నాలుగు రకాలు: అరబిక్, రోమన్, హిందీ, తెలుగు. తెలుగు అంకెలున్న ముఖం కింద పిల్లలను నిలబెట్టి టైం చెప్పమనండి. హరిబౌలీలో అక్కన్న మాదన్నల పేరున్న మహంకాళి గుడి. తానీషా మంత్రులు వాళ్లు. 1687లో గోల్కొండ పడిపోవడానికి కొద్దికాలం ముందే ఇద్దరూ హత్యకు గురయ్యారు. ఆషాఢంలో పాతబస్తీ బోనాల మరునాడు ఘటాల ఊరేగింపు ఏనుగుతో ఇక్కడి నుంచి చార్మినార్ మీదుగా నయాపూల్ వైపు వెళ్తుంది. ఆ సోమవారం నడక పెట్టుకోకూడదు, ఊరేగింపు చూడటానికి రావాలి.

గుల్జార్‌గల్లీ
పెట్టుకోకూడని రోజులు ఇంకా: శుక్రవారం (చౌమహల్లా, సాలార్‌జంగ్, పురానీ హవేలీ మూడూ మూసి ఉంటాయి), వినాయక నిమజ్జనం, మొహర్రం పదో రోజు బీబీ కా ఆలం ఊరేగింపు, మీలాద్ ఉన్ నబీ. రంజాన్ నెలలో పగటి నడక వద్దు, దుకాణాలు ఆలస్యంగా తెరుస్తారు, ఉపవాసం ఉన్నవాళ్ల ముందు తింటూ తాగుతూ తిరగడం బాగుండదు. ఆ నెలలో ఇఫ్తార్ తర్వాత రాత్రి నడకే. అప్పుడు గుంపు పదిమందికి మించితే తప్పిపోతారు.

ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, నవంబరు 19 నుంచి 25 వారసత్వ వారం. ఆ రోజుల్లో ఉచిత నడకలు జరుగుతుంటాయి, జనమూ ఎక్కువే.

ఖమ్మంకోట
ఇన్ని వివరాలు ఇచ్చిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు చెప్పిందాని ప్రకారం: రెండు గుంపులు, 7:15, 7:30, గోల్కొండ, మ్యూజియంలు తీసేశాం, ఆశూర్‌ఖానా ఉంచాం, మెట్లు ఎక్కలేని తొమ్మిది మందికి కింద గచ్చు పని, చౌమహల్లా ద్వారం దగ్గర గైడుకు సెలవు, సాయంత్రం భాషానిలయం. టిఫిను మాత్రం తేలలేదు. ఖమ్మం నుంచి తెల్లవారుజామునే బయల్దేరుతాం. 7:15 ముందా, 9:10 చాయ్ దగ్గరా?

మూసీఒడ్డు
ముందే. ఎంజీబీఎస్ చుట్టుపక్కల ఇడ్లీ, ఉప్మా దొరుకుతాయి, 6:30కల్లా కానిచ్చేయండి. మాత్రలు వేసుకునేవాళ్లు 9 దాకా ఆగలేరు. 9:10కి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. మాంసాహారులకు చార్‌కోనీ నాన్, పాయా కావాలంటే ఆ పూట వద్దు. అవి తిన్నాక 149లో మొదటి పది మెట్లూ ఎక్కలేరు. రెండు గుంపులు హోటల్లో ఒకేసారి పడకుండా రెండోది 9:25కి రావాలి, 20 చాయ్‌లు చొప్పున రెండుసార్లని ముందురోజు ఫోనులో చెప్పి పెట్టండి. బస్సును ఉదయం వదిలేశాక చౌమహల్లా ఉన్న ఖిల్వత్ వైపు రమ్మనకండి, ఆ రోడ్లలో ఇరుక్కుంటుంది. మధ్యాహ్నం పెద్దవాళ్లను చౌమహల్లా నుంచి ఆటోల్లో, ముగ్గురేసి చొప్పున, కోఠీకి పంపి బస్సును మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆపించండి.